అల్లుడుగారి తోక

వదిన పొద్దున్నే ల్యాబులోకి వస్తూనే చేతిసంచీ బల్లమీద పడేసింది. తెల్లకోటు ఒక చేతికి ఎక్కించి, రెండో చెయ్యి సంగతి మర్చిపోయి, అలాగే నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. తిట్లన్నీ తన థీసిస్ చదివిన పరీక్షకుడికి. ఆయన ఎలా ఉంటాడో, ఎక్కడ ఉంటాడో ఆవిడకి తెలీదు. అయినా ఆయన కళ్లజోడు దగ్గర్నుంచి, ఆయన్ని అంతవాణ్ణి చేసిన గురువుల దాకా ఎవరినీ వదల్లేదు.

ఆవిడ అందరికీ వదిన ఎలా అయిందో ముందు చెప్పుకోవాలి. పక్క బల్లమీద పనిచేసే తోటి పరిశోధకుడొకడు చేరిన మొదటి రోజే "వదినా, ఆ పిపెట్ ఇలా ఇస్తారా" అన్నాడు. నేను నీకు వదిననెప్పుడయ్యానయ్యా అని ఆవిడ కసురుకుంది. "అక్కా అంటే పనులు చెప్తారు, మేడమ్ అంటే చేతులు కట్టుకోవాలి. వదినైతే హాయిగా వేళాకోళమాడుకోవచ్చు" అన్నాడు వాడు. ఆ రోజు నుంచి వాడు మరిది, ఆవిడ వదిన. ఒకసారి మీటింగులో ప్రొఫెసరుగారు కూడా పరధ్యానంలో "వదిన ఏమంటుందంటే" అనేసి, గబగబా దగ్గి సర్దుకున్నారు. మనమూ అలాగే పిలుద్దాం.

వదిన పరిశోధనలోకి ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు ఒక చిన్న పరీక్షల కేంద్రంలో ఊళ్లోవాళ్ల రక్తాలూ మూత్రాలూ చూసి రిపోర్టులు ఇచ్చేది. కూతురు బడికి వెళ్లడం మొదలుపెట్టాక, ఇక నా చదువు సంగతి చూసుకుంటానని కూర్చుంది. ఈ వయసులో చదువేమిటని ఎవరూ మొహాన అనలేదు. అత్తగారు మాత్రం గోడకేసి చూస్తూ అనేది. ఇప్పుడు కూతురు ఎత్తులో తల్లిని దాటిపోయింది, వదిన చెవుల పక్కన జుట్టు నెరిసింది, డిగ్రీ మాత్రం ఇదిగో అదిగో అంటూనే ఉంది. ఒక ఆడపిల్లల కాలేజీలో జీవశాస్త్రం చెప్పే ఉద్యోగం ఆవిడ కోసం ఆపి ఉంచారు. కొత్త టర్ము మొదలయ్యేలోగా డాక్టరేటు చేతికొస్తే ఉద్యోగం మీది, లేకపోతే మమ్మల్ని తప్పు పట్టకండి అని ప్రిన్సిపాల్ ముందే చెప్పేసింది. అదీ వదిన పరిస్థితి. ఇలాంటప్పుడు పరీక్షకుడు కొర్రీ వేస్తే ఒళ్లు మండదూ?

ఆ కొర్రీ ఏమిటో తెలియాలంటే ఆవిడ పనేమిటో తెలియాలి. మన ఒంట్లో కణం రెండుగా విడిపోవాలంటే ఊరికే ఉబ్బి పగిలిపోదు. ముందు తన జన్యువులన్నిటికీ నకలు తీసుకోవాలి. తర్వాత అసలూ నకలూ చెరో పక్కకీ సర్దుకోవాలి. ఆ తర్వాతే నడుము దగ్గర నొక్కుకుని రెండవ్వాలి. ఒక్కో పనికీ కొన్ని ప్రోటీన్లు వచ్చి, ఫలానా జన్యువులు పని మొదలుపెట్టండని స్విచ్చి వేస్తాయి. బళ్లో మనందరం ఇక్కడితో ఆపేస్తాం, స్విచ్చి వేసినవాడే గొప్పవాడనుకుంటాం. మరి ఆర్పేదెవరు? వేసినవాడు అక్కడే తిష్ట వేస్తే ఆ జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి, తర్వాతి పని మొదలవదు. అందుకని కణం మొహమాటపడదు. పనైపోయిన ప్రోటీనుకి ఒక చీటీ అంటిస్తుంది. చీటీ పడిందా, ఇక అంతే సంగతులు. పీపాలాంటి మిషనొకటి దాన్ని లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. వాళ్లు పోతేనే తర్వాతివాళ్లకి చోటు. కణం బతుకంతా ఈ రావడాల మీదా పోవడాల మీదా నడుస్తుంది.

వదిన పట్టుకున్న ప్రోటీనుకి అక్షరాలూ అంకెలూ కలిపిన పేరొకటి ఉంది. దానికి ఎవరి నోరూ తిరగదు. మరిది దానికి అల్లుడుగారని పేరు పెట్టాడు. ఎందుకంటే అల్లుడుగారు వచ్చాడు, జన్యువుల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇక లేవడు. అతని సాటివాళ్లందరికీ చీటీలు పడుతున్నాయి, అందరూ పోతున్నారు. ఇతనొక్కడే పోడు. కొత్త ప్రోటీను తయారవకుండా కణాలకి మందు పెట్టి, కాసేపటికోసారి కొన్ని తీసి, చితక్కొట్టి, జెల్‌లో ఒక్కో విడతనీ ఒక్కో గడిలో పోసి పరిగెత్తించి చూస్తే మిగతా ప్రోటీన్ల నల్లటి గీతలు క్రమంగా చెరిగిపోయేవి. ఆ గీతనే ల్యాబులో బ్యాండ్ అంటారు. అల్లుడుగారి బ్యాండ్ మాత్రం మొదటి గడిలో ఎంత నల్లగా ఉందో చివరి గడిలోనూ అంతే. పైగా అతనున్న కణాలు విడిపోవడానికి ఆపసోపాలు పడేవి. ఇతను కణానికి బ్రేకు లాంటివాడు, పోకపోవడమే ఇతని పని అని వదిన పేపరు రాసింది. అది అచ్చయింది. ప్రొఫెసరుగారు దాన్ని ఫ్రేము కట్టించి గుమ్మం పక్కన తగిలించారు.

ఇప్పుడు తోక సంగతి. ప్రోటీను కంటికి కనబడదు, దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ కావాలి. అల్లుడుగారిని గుర్తుపట్టే యాంటీబాడీ బజార్లో ఒకటుంది గానీ, అది అల్లుడితోపాటు దారినపోయే దానయ్యలందరినీ గుర్తుపడుతుంది. అందుకని ప్రోటీను చివర చిన్న తోక తగిలిస్తారు. ఆ తోకని గుర్తుపట్టే యాంటీబాడీ మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది. తోక కనబడితే అల్లుడు కనబడినట్టే. ఆ తోక ఉన్న డీఎన్ఏ చుట్టని ప్రొఫెసరుగారు తన వయసులో స్వహస్తాలతో తయారుచేశారు. అది ఫ్రీజర్లో పై అరలో ఉంటుంది. ఎవరు చేరినా, ఏ ప్రోటీను పట్టుకున్నా, అందులోనే పెట్టుకోవాలి. "మన ల్యాబులో పుట్టినవాడికి తోక ఉండి తీరుతుంది" అని ఆయన జోకు. కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ వేస్తారు, ప్రతిసారీ ఆయనే ముందు నవ్వుతారు.

పరీక్షకుడు రాసింది ఒకటే మాట. ఈ ప్రోటీను పోకపోవడానికి కారణం మీరు తగిలించిన తోకేనేమో చూశారా, తోకని తలవైపుకి మార్చి చూపించండి అని.

"తలవైపట! రేపు నడుముకి కట్టమంటాడు" అంది వదిన, రెండో చెయ్యి కోటులో దూరుస్తూ.

"తలకి పెడితే అది తోకెలా అవుతుంది వదినా, టోపీ అవుతుంది" అన్నాడు మరిది, జెల్ పోసుకుంటూ. "పెట్టండి. ఇన్నాళ్లూ అల్లుడు మనకి టోపీ పెట్టాడేమో ఎవరికి తెలుసు, ఇప్పుడు మనం పెడదాం."

"నీ నోరు మూసుకుని జెల్ చూసుకో, కారిపోతోంది" అంది వదిన.

ప్రొఫెసరుగారు కూడా తేలిగ్గా తీసుకున్నారు. "చేసి పారెయ్యమ్మా, ఆయన నోరు మూతపడుతుంది" అన్నారు. వదిన పని మొదలుపెట్టింది. తెలుసుకోవాలన్న కుతూహలం రవ్వంత కూడా లేదు, ఆయన నోరు మూయించాలన్న పట్టుదల తప్ప. మొదటిసారి డీఎన్ఏ అతకలేదు. రెండోసారి అతికింది గానీ తలకిందులుగా అతికింది. ఆ తర్వాత కణాలకి బూజు పట్టి, అవి పెరిగే గులాబీరంగు నీళ్లు పాలవిరుగుడులా తయారై, డబ్బాలకి డబ్బాలు బ్లీచి పోసి పారబోయాల్సొచ్చింది. ఇన్‌క్యుబేటర్ తలుపు కిర్రుమన్నప్పుడల్లా ఆవిడ పళ్లు కూడా కిర్రుమనేవి.

ఇంట్లో కూడా ఇదే గోల. ఒక సాయంత్రం మరిది ఫోన్ చేస్తే వదిన పొయ్యి దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడుతోంది. "ఏంటీ, అల్లుడు ఇంకా పోలేదా? నువ్వు చేసినా అంతేనా? పోడులే, వాడు పోయేరకం కాదు."

అత్తగారు హాల్లోంచి లేచి వచ్చేసింది. "ఎవరమ్మాయ్ ఆ అల్లుడు? పోలేదా పోలేదా అని అలా ఎదురు చూస్తున్నారు, పాపం, ఏం జబ్బు?"

"మనిషి కాదమ్మా, ప్రోటీను" అన్నాడు వదిన భర్త. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. భార్య పని గురించి ఆయనకి అర్థమైనది తన పని మీదుగానే అర్థమైంది. "లిఫ్టు తలుపు మధ్యలో ఎవడో కాలు పెట్టి నిలబడ్డాడనుకో. తలుపు మూసుకోదు, లిఫ్టు కదలదు. పై అంతస్తులో వాళ్లంతా బటన్ నొక్కుతూనే ఉంటారు. వాణ్ణి బయటికి లాగే సంగతి వీళ్లు చూస్తున్నారు."

"లాగి పడెయ్యక ఇన్నేళ్లా!" అంది అత్తగారు. వదిన కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

చివరికి టోపీ అల్లుడు తయారయ్యాడు. మందు పెట్టడం, కణాలు తీయడం, చితక్కొట్టడం, జెల్ ఎక్కించడం, అన్నీ వదిన తన చేతులతోనే చేసింది. బొమ్మ తీసే మిషను ముందు కూర్చుని బటన్ నొక్కింది. తెరమీద గీతలు ఒక్కొక్కటే తేలాయి. మొదటి గడిలో నల్లగా ఉంది. రెండో దాంట్లో బూడిదరంగు. మూడో దాంట్లో ఎవరో తడివేలితో తుడిచినట్టుంది. ఆ తర్వాత గడుల్లో ఏమీ లేదు.

తక్కువ పోశానేమో అనుకుంది. పోసిన కొలత సరిపోయిందో లేదో చెప్పే వేరే ప్రోటీను గీతలు అన్ని గడుల్లోనూ సమానంగా ఉన్నాయి. మళ్లీ చేసింది. మళ్లీ పోయింది. సరే, ఆ పీపా మిషను పనిచేయకుండా ఆపే మందు ఉంది కదా, అది పెడితే కూడా పోయిందనుకో, అప్పుడిది ఇంకేదో పొరపాటు అవుతుందని ఆశ పెట్టుకుని అదీ చేసింది. ఆ మందు పెడితే అల్లుడు బుద్ధిగా నిలిచాడు. అంటే అతనికి చీటీ పడుతోంది, పీపాలోకే పోతున్నాడు. అన్నీ పాఠ్యపుస్తకంలో రాసినట్టే తిన్నగా వచ్చాయి. ఇన్నేళ్లలో ఒక్క ప్రయోగం ఇంత తిన్నగా వచ్చిన పాపాన పోలేదు, వచ్చింది ఇవాళ, తన కొంప ముంచడానికి.

మైక్రోస్కోపు గదిలో నల్ల తెర దించుకుని కణాల్ని కూడా చూసింది. టోపీ పెట్టినవి గుండ్రంగా ఉబ్బి, నడుము దగ్గర సన్నబడి, జంటలు జంటలుగా విడిపోయి పడి ఉన్నాయి. తోక ఉన్న పాతవి మాత్రం ఎప్పట్లాగే విడిపోలేక బిగుసుకుని కూర్చున్నాయి. సంగతి బోధపడింది. చీటీ అంటించేవాడు అల్లుడిని పట్టుకునే చోటు సరిగ్గా ఆ చివరే. అక్కడ వీళ్లు తోక తగిలించారు. పట్టుకునే చోటు మూసుకుపోయింది, చీటీ పడలేదు, అల్లుడు పోలేదు, జన్యువులు ఆరలేదు, కణం విడిపోలేదు. అతన్ని చూడటానికని పెట్టిన తోకే అతన్ని పోనివ్వలేదు. ఆవిడ ఏళ్ల తరబడి గీసిన బొమ్మలూ, రాసిన అధ్యాయాలూ, ఆ ఫ్రేములో పేపరూ అన్నీ ఆ తోక పుణ్యమే.

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి "అల్లుడు పోయాడండీ" అంది భర్తతో.

అత్తగారు ప్రోటీను సంగతి మర్చిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! ఎప్పుడు?"

"ఇవాళే అత్తయ్యా."

"ఎలా పోయాడమ్మా?"

"ఎలా పోవాలో అలాగే పోయాడు. అదే నా ఏడుపు" అంది వదిన. అని, నిజంగానే ఏడ్చేసింది.

"ఊరుకో అమ్మాయ్. ఇవన్నీ మన చేతుల్లో ఉన్నాయా" అని అత్తగారు వీపు నిమిరింది.

"నా చేతుల్లోనే ఉంది అత్తయ్యా. ఆ తోక పెట్టింది నేనే!" అంది వదిన వెక్కుతూ. అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, నిమరడం మానలేదు.

మర్నాడు బొమ్మలు పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి వెళ్లింది. ఆయన వాటిని దగ్గరగా పెట్టుకు చూశారు, దూరంగా పెట్టుకు చూశారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. చివరికి "ఎన్నిసార్లు చేశావు?" అన్నారు.

"వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చేశాను సార్. పోతూనే ఉంది."

"సరే. వైవా అయిపోనీ, తర్వాత తీరిగ్గా చూద్దాం. తలవైపు పెట్టే ప్రయత్నం ఫలించలేదని రాసేద్దాం. ఆయన పెద్దమనిషి, పట్టుబట్టడు." ఆయన గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. "నీ ఉద్యోగం కూడా ఉంది కదమ్మా. అన్నీ ఇప్పుడే తవ్వుకుంటామా?"

ఆయన భయం ఈవిడకి తెలుసు. ఆ తోక ఒక్క అల్లుడికే ఉందా? ల్యాబులో అచ్చయిన ప్రతి పేపరులోనూ ఉంది. ఇక్కడ దుమ్ము లేస్తే అన్నిటిమీదా పడుతుంది. ఆవిడ గట్టిగా ఏదో అందామనే వచ్చింది. కాలేజీ గుర్తొచ్చింది, టర్ము గుర్తొచ్చింది. అత్తగారు చూసే గోడ కూడా గుర్తొచ్చింది. నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని "సరే సార్" అని బయటికొచ్చేసింది. వచ్చి తన బల్ల దగ్గర పిపెట్లన్నీ తీసి, శుభ్రంగా ఉన్నవాటిని మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. మరిది అటు చూసి, ఈసారి వేళాకోళం జోలికి పోలేదు.

వైవాకి వారం ఉందనగా ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఒక అమ్మాయి గొంతు, భయం భయంగా ఉంది.

"మేడమ్, మీరెవరో నాకు తెలీదండి. మీ పేపరు చూసి మా ల్యాబులో అదే ప్రోటీను మీద పనిచేస్తున్నానండి. మీది పోదని రాశారు కదండీ. నాది పోతోందండి."

వదిన చేతిలో గాజుసీసా ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టింది. "తోక ఎటువైపు పెట్టావమ్మా?"

"తలవైపండి. మా దగ్గర అదే ఉంది. ఎన్నిసార్లు చేసినా పోతోందండి. ఆవిడ చేస్తే నిలిచింది, నువ్వు చేస్తే ఎందుకు నిలవదు, నీ చేతులు మంచివి కావు అంటున్నారండి మా సారు. సరిగ్గా చెయ్యడం చేతకాకపోతే వేరే దారి చూసుకోమన్నారు. నేనేం తప్పు చేస్తున్నానో మీరైతే చెప్తారని..."

ఒక్క మాట చాలు. నీ తప్పేమీ లేదు అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఈ పిల్ల వెళ్లి వాళ్ల సారుకి చెప్తుంది, ఆయన మన సారుకి ఫోన్ చేస్తాడు, అది పరీక్షకుడి చెవిన పడుతుంది. అంతా వైవాకి ముందే. వదిన గొంతు సవరించుకుంది.

"నాకు వచ్చే వారం వైవా ఉందమ్మా. అది కాగానే నేనే ఫోన్ చేస్తాను. అన్నీ వివరంగా చెప్తాను. అంతవరకూ కాస్త ఓపిక పట్టు."

"అలాగేనండి. మీరు ఫోన్ ఎత్తారు, అదే చాలండి" అంది ఆ అమ్మాయి.

వారమే కదా అని వదిన మనసుకి సర్దిచెప్పుకుంది. సరిగ్గా అప్పుడే పరీక్షకుడికి నడుము పట్టేసింది. వైవా వాయిదా పడింది. లేచి కూర్చున్నాడట అని ఒకసారి, మళ్లీ పడుకున్నాడట అని ఒకసారి కబురొచ్చేది. వదిన ఆ నడుముని కూడా తిట్టింది. ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యాలని రోజూ అనుకునేది. వైవా అయ్యాకే చేస్తానన్నాను కదా, వైవా కాలేదు కదా అని రోజూ వాయిదా వేసేది. అలా అనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరి మీద విసుక్కునేది. కూతురు దగ్గర్నుంచి లిఫ్టు దాకా అందరూ ఆ విసుగు తిన్నవాళ్లే.

చివరికి ఆ రోజు వచ్చింది. పరీక్షకుడు కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తూ వచ్చాడు. చిన్న మనిషి, మెత్తటి గొంతు, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు. ఇన్నాళ్లూ ఈయన్నా నేను తిట్టింది అని వదినకి చిరాకేసింది. కనీసం కాస్త దుర్మార్గుడిలా అయినా ఉండొచ్చు కదా! తోక గురించి ఆయన అడగనే లేదు. ప్రయత్నం ఫలించలేదని రాసింది చదివి, "ఔనౌను, అలా జరుగుతుంటుంది" అని తలూపేశాడు. ప్రొఫెసరుగారు కుర్చీలో వెనక్కి వాలారు.

అన్నీ అయిపోయాయి. ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. "ఒక్క సందేహం అమ్మా. ఈ ప్రోటీను ఎప్పటికీ పోదంటున్నావు. మరి మన ఒంట్లో మామూలు కణాలు రోజూ ఎలా విడిపోతున్నాయంటావు?"

దీనికి జవాబు థీసిస్‌లో ఉంది. వదినకి కంఠతా వచ్చు. బ్రేకు అని మొదలయ్యే పెద్ద వాక్యం. ఆవిడ నోరు తెరిచింది.

"పోతాడండి" అంది.

"ఎవరు?"

"అల్లుడుగారు."

హాల్లో వినడానికొచ్చినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. మరిది నవ్వలేదు. వదిన ఆగలేదు. టోపీ సంగతి చెప్పింది, గీతలు చెరిగిపోవడం చెప్పింది, పీపా మందు చెప్పింది, చీటీ అంటించేవాడు పట్టుకునే చోట తోక అడ్డం పడిందని చెప్పింది. బోర్డు మీద బొమ్మ వేసి చూపించింది, సుద్ద విరిగితే విరిగిన ముక్కతోనే వేసింది. దీన్ని నిజాయితీ అని మెచ్చుకోకండి. ఆ పెద్ద వాక్యాన్ని ఇంకొక్కసారి పలకడం ఆవిడ వల్ల కాలేదు, అంతే.

"అయితే మొదటి అధ్యాయాలు?" అన్నాడు పరీక్షకుడు.

"తప్పండి."

"ఎవరి తప్పు?"

ప్రొఫెసరుగారు బల్లకేసి చూస్తున్నారు. "ఫ్రీజరు సారుది, చెయ్యి నాది" అంది వదిన.

పరీక్షకుడు కర్ర అందుకుని లేచాడు. ఇది చాలా మంచి ఫలితం, దీన్నే మళ్లీ రాసి తీసుకురా, నేను సంతోషంగా చదువుతాను అన్నాడు. మంచి ఫలితమట! ఈయనకేం, ఫ్లాస్కు పట్టుకుని ఇంటికి పోతాడు. డిగ్రీ రాలేదు. మధ్యాహ్నానికల్లా కాలేజీకి ఫోన్ చేసి చెబితే, ప్రిన్సిపాల్ అయ్యో అని రెండుసార్లు అని, ఇంకొకావిడని తీసుకుంటున్నామని చెప్పింది. ప్రొఫెసరుగారు వరండాలో ఎదురుపడ్డారు. పక్కనుంచి వెళ్లిపోబోయి ఆగారు. "పేపరు వెనక్కి తీసుకుంటున్నామని రాయి. నేను సంతకం పెడతాను" అన్నారు. ఆవిడ మొహం చూడలేదు. ముందుకి సాగిపోయారు.

వదిన మెట్లమీద కూర్చుంది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియనంత కోపం. కళ్లు తుడుచుకుని ఫోన్ తీసి ఆ అమ్మాయికి చేసింది. చాలాసేపటికి ఎత్తింది. వెనక ఏదో గోల, ఎవరో ఈ జోడు బిగుతుగా ఉంది, ఇంకో సైజు ఇమ్మంటున్నారు.

"ఎక్కడున్నావమ్మా?"

"చెప్పుల కొట్లో అండి. ఇక్కడ చేరాను. ల్యాబు మానేశానండి." ఆ అమ్మాయి కాస్త ఆగి, పక్కకి నడిచినట్టుంది, గోల తగ్గింది. "మీ వైవా అయిందాండీ? బాగా జరిగిందా?"

"నువ్వు ఎందుకు మానేశావు?" అంది వదిన. అడుగుతుంటేనే తెలుసు.

"మా సారు ఇంక వద్దన్నారండి. కొన్నాళ్లు ఆపమని అడిగాను, ఆ మేడమ్ ఫోన్ చేస్తానన్నారు, చేస్తే తెలుస్తుందని చెప్పాను. ఆపారు పాపం. తర్వాత ఇంక కుదరదన్నారు."

వదిన ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. "నీ చేతుల్లో తప్పేమీ లేదమ్మా. నీది పోవడమే కరెక్టు. నాది తప్పు. మా తోకే దాన్ని పోనివ్వలేదు. నువ్వు మొదట్నుంచీ సరిగ్గానే చేశావు."

అవతల చెప్పుల పెట్టె మూసిన చప్పుడైంది.

"ఆ రోజు నేను ఫోన్ చేసినప్పుడు మీకీ సంగతి తెలుసాండీ?"

"తెలుసు" అంది వదిన.

కొట్లోంచి ఎవరో ఆ అమ్మాయిని పిలిచారు. వస్తున్నా అంది. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది. గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు, వదిన తట్టుకోలేనిది అదే.

"మా సారు నంబరు చెప్తాను, రాసుకుంటారా అండీ?"

వదిన దగ్గర కాగితం లేదు. కోటు జేబులో సీసాల మీద పేర్లు రాసే పెన్ను ఉంది. ఎడమ అరచెయ్యి చాపి, ఆ అమ్మాయి చెప్తుంటే ఒక్కొక్క అంకె రాసుకుంది. చివరి అంకె చెప్పకముందు ఆ అమ్మాయి ఆగింది.

"ఇవాళే చేస్తారా అండీ?" అని అడిగింది.